మెక్సికో కొత్త పాట... స్పానిష్‌కి తొలి మెట్టు!

రెజ్యూమె చివర్లో ఉండే ఆ లైను తెలుసు కదా? 'హాబీస్: లిజనింగ్ టు మ్యూజిక్'. కామారెడ్డిలో రాసినా, ఎల్లారెడ్డిలో రాసినా అదే లైను. ఇంటర్వ్యూ చేసేవాళ్లు దాన్ని చదవకుండానే దాటేస్తారు. అదే చోట 'మెక్సికోలో కొత్తగా వస్తున్న గాయకుల పాటలు వింటాను, స్పానిష్ బి1 స్థాయి పూర్తిచేశాను' అని ఉందనుకోండి. కనీసం ఒక ప్రశ్నయినా అడుగుతారు. ఆ ప్రశ్నకు తడబడకుండా జవాబు చెప్పే స్థాయికి ఎలా చేరాలి? చేరితే ఏం దొరుకుతుంది, ఏం దొరకదు? చూద్దాం.

2023లో రెండు పాటలు

2023 మార్చిలో 'నాటు నాటు' ఆస్కార్ గెలిచింది. తెలుగులో ఒక్క ముక్క రానివాళ్లు కూడా ఆ పాటకు కాలు కదిపారు. సరిగ్గా అదే ఏడాది ఇంకో పాట కూడా భాష గోడ దాటింది. పేరు 'ఎయా బైలా సోలా'. పాడింది ఎస్లబోన్ అర్మాదో బృందం, పేసో ప్లూమా. అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100 జాబితాలో అది 4వ స్థానం దాకా వెళ్లింది. మెక్సికో ప్రాంతీయ సంగీతం నుంచి ఆ జాబితాలో తొలి పదిలోకి చేరిన మొదటి పాట అదే. ఒక్క పదం ఇంగ్లిష్‌లోకి మార్చకుండా, పూర్తిగా స్పానిష్‌లోనే.

ఆ పాట వెనక 'కొర్రీదో' అనే పాత సంప్రదాయం ఉంది. కొర్రీదో అంటే కథ చెప్పే పాట. 1910లో మొదలైన మెక్సికో విప్లవం రోజుల్లో యుద్ధాల వార్తలు, వీరుల కథలు ఊరూరా తిరిగింది ఈ పాటల్లోనే. ఒగ్గుకథ, బుర్రకథ విన్న మనకు ఇది కొత్తేం కాదు. ఇప్పటి కుర్రాళ్లు దానికి హిప్‌హాప్ ధోరణి కలిపి వాయిస్తున్నారు. అంతే తేడా.

తెలుగు నోటికి స్పానిష్ దగ్గరే

'మనకు ఇంగ్లిషే సరిగా రాదు, ఇంక స్పానిషా?' అని చాలామంది వెనక్కి తగ్గుతారు. కానీ ఉచ్చారణ విషయంలో స్పానిష్ మనకు ఇంగ్లిష్ కంటే సులువు. ఎందుకో చూడండి.

స్పానిష్‌లో అచ్చులు ఐదే: అ, ఎ, ఇ, ఒ, ఉ. రాసింది రాసినట్టే చదువుతారు. ఇంగ్లిష్‌లోలాగా ఒకటి రాసి ఇంకోటి పలికే గోల చాలా తక్కువ. చాలా పదాలు మన మాటల్లాగే అచ్చుతో ముగుస్తాయి. అక్కడి త, ద మన త, ద లాంటివే. మనం 'టాకో' అంటాం గానీ, మెక్సికోలో అది 'తాకో'నే. ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు ఆ 'త' కోసం తిప్పలు పడతారు, మనకు అది పుట్టుకతో వచ్చింది. ఇక 'ర'లు రెండు. 'పెరో' అంటే 'కానీ'. 'పెర్రో' అంటే 'కుక్క'. రెండోదాన్ని నాలుక అదిరేలా గట్టిగా పలకాలి. మన పాత బండి ఱ గుర్తుకొస్తే చాలు.

వ్యాకరణంలోనూ చుట్టరికం ఉంది. 'పాడతాను' అన్నామంటే 'నేను' అని విడిగా చెప్పక్కర్లేదు, క్రియ చివరే తెలిసిపోతుంది. స్పానిష్ కూడా అంతే. కాంతో అంటే పాడతాను, కాంతాస్ అంటే పాడతావు. నువ్వు, మీరు అనే తేడా కూడా ఉంది. 'తూ' అంటే నువ్వు, 'ఉస్తెద్' అంటే మీరు. ఇంటర్వ్యూలో ఎదుటివాళ్లను 'తూ' అంటే ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పాలా!

కష్టాలు లేవని కాదు. బల్ల, పుస్తకం లాంటి వస్తువులకు కూడా స్త్రీలింగం, పుంలింగం ఉంటాయి. 'ఉండు' అనే అర్థానికి రెండు వేర్వేరు క్రియలున్నాయి. ఇవి అలవాటు కావడానికి టైం పడుతుంది. అలవాటు చేయడానికి పాటను మించింది లేదు.

పెద్ద పేర్లే కాదు, చిన్న ఊళ్లు వెతకండి

యాప్ తెరవగానే కనిపించేది అప్పటికే హిట్టయిన పాట. దాంట్లో వాయిద్యాల హోరు ఎక్కువ, వీధి యాస ఎక్కువ. నేర్చుకునేవాడికి పదం పట్టుకోవడం కష్టం. కొత్తగా వచ్చేవాళ్లలో చాలామంది పెద్ద ఖర్చు లేకుండా ఒక గిటార్, ఒక గొంతుతో మొదలుపెడతారు. పదం స్పష్టంగా వినిపిస్తుంది. పైగా వినేవాళ్లు తక్కువ ఉన్నప్పుడు మీరు స్పానిష్‌లో రాసిన రెండు మాటల్ని వాళ్లు చదివే అవకాశం ఉంటుంది. కోట్ల మంది అభిమానులున్న స్టార్ దగ్గర అది కుదరదు.

పేరుతో కాకుండా ఊరితో వెతకడం మంచి పద్ధతి. ఉత్తర మెక్సికోలో చివావా రాష్ట్రం ఉంది. అందులో డెలీసియాస్ అనే వ్యవసాయ పట్టణం. మంజీర మీద మన నిజాంసాగర్ ఎట్లాగో, అక్కడ కోంచోస్ నది మీద 1916లో పూర్తయిన బోకియా డ్యామ్ అట్లా. ఆ నీళ్లతోనే అక్కడ సాగు. ఎడ్ మావెరిక్ అనే గాయకుడు ఆ ఊరివాడే. 2001లో పుట్టాడు. 2018లో, అంటే మన దగ్గర ఇంటర్ చదివే వయసులో, గిటార్ పాటలతో తొలి ఆల్బమ్ తెచ్చి దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. ఆ పక్కనే మెయోకి అనే ఇంకో ఊరు. అక్కడినుంచి వచ్చినవాడు కెవిన్ కార్ల్. అతని కవల సోదరుడు పక్కన ట్రంపెట్ వాయిస్తాడు. ఇద్దరివీ నెమ్మదైన పాటలు. మొదటి నెలకు సరిగ్గా సరిపోతాయి.

దేశానికి తూర్పున వెరాక్రూజ్ రాష్ట్రంలో కోతెపెక్ అనే కాఫీ తోటల ఊరుంది. నటాలియా లాఫూర్‌కాదే అనే పెద్ద గాయని పెరిగిందక్కడే. సిల్వానా ఎస్త్రాదా అనే యువ గాయని పుట్టింది కూడా అక్కడే. సిల్వానా తల్లిదండ్రులు వాయిద్యాలు తయారుచేసేవాళ్లు. 2022లో ఆమెకు లాటిన్ గ్రామీల్లో ఉత్తమ నూతన కళాకారిణి అవార్డు వచ్చింది. ఆ అవార్డును ఆమెతో సమంగా పంచుకున్నది ఎవరో తెలుసా? 95 ఏళ్ల ఆంహెలా ఆల్వరెస్! 'కొత్త' అనే మాటకు వయసుతో పని లేదు. రెండేళ్లు గ్యాప్ వచ్చిందని దిగులుపడేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

పాటతో పోరాడే గొంతులూ ఉన్నాయి. 2020 మార్చిలో మెక్సికో సిటీ నడిబొడ్డున ఉన్న సోకాలో మైదానంలో వివిర్ కింతానా రాసిన పాట మార్మోగింది. మహిళల హత్యల మీద రాసిన పాట అది. తెలంగాణ ఉద్యమంలో ధూంధాం చూసినవాళ్లకు దాని బలం వివరించి చెప్పక్కర్లేదు.

వెతకడానికి నాలుగు దారులు

ఒకటి: యూట్యూబ్ చార్ట్స్‌లో దేశాన్ని మెక్సికోగా మార్చండి. స్పాటిఫైలో 'రాడార్ మెహికో' అనే జాబితా కొత్తవాళ్ల కోసమే ఉంది.

రెండు: 'వీవే లాతీనో' అనే సంగీతోత్సవం 1998 నుంచి మెక్సికో సిటీలో జరుగుతోంది. దాని పోస్టర్ చూడండి. పైన పెద్ద అక్షరాలు వదిలేసి, అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న పేర్లు రాసుకోండి. రేపటి గాయకులు అక్కడుంటారు.

మూడు: రేడియో. ఇబెరో 90.9 ఒక యూనివర్సిటీ స్టేషన్. కొత్త బృందాలకు చోటిస్తుంది, ఆన్‌లైన్‌లో వినొచ్చు. మెక్సికో సిటీ మనకంటే పదకొండున్నర గంటలు వెనక. మన ఉదయం 7 అంటే అక్కడ నిన్న రాత్రి 7.30. కాలేజీకి తయారయ్యే వేళకు అక్కడి సాయంత్రం కార్యక్రమాలు నడుస్తుంటాయి. పాటల మధ్య యాంకర్ మాటలు పాటల కంటే గొప్ప పాఠం.

నాలుగు: నచ్చిన పాట కింద వివరాల్లో ఎవరు రాశారు, ఎవరు వాయించారు చూడండి. ఒక్క పాట నుంచి ఐదు పేర్లు దొరుకుతాయి.

ఒక జాగ్రత్త. కొర్రీదోల్లో ఒక రకం డ్రగ్స్ ముఠాల కథలు చెబుతుంది. కొన్ని చోట్ల అక్కడి ప్రభుత్వాలే వాటి ప్రదర్శనల మీద ఆంక్షలు పెట్టాయి. వాటిలోని యాసను ఆఫీసు భాష అనుకుని వాడకండి.

రోజుకో గంట ఎలా?

ఎల్లారెడ్డి నుంచి లింగంపేట మీదుగా కామారెడ్డి కాలేజీకి వచ్చేవాళ్లకు బస్సులోనే బోలెడంత టైం. దారిలో సిగ్నల్‌ని నమ్ముకోకుండా రాత్రే పాట డౌన్‌లోడ్ చేసుకోండి.

మొదటిసారి ఊరికే వినండి. రెండోసారి వినిపించిన పదాల్ని తెలుగు లిపిలో రాయండి. ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే ఉచ్చారణ చెడుతుంది, మన లిపికి ఆ ఇబ్బంది చాలావరకు లేదు. తర్వాత అసలు సాహిత్యం పక్కన పెట్టి ఎక్కడ తప్పిందో చూడండి. అందులోంచి ఐదు పదాలు, ఒక క్రియ తీసుకుని సొంత వాక్యాలు రాయండి. చివరగా పైకి పాడండి. వారానికి ఒక్క పాట చాలు. మిగతా టైం వ్యాకరణానికి పెట్టండి.

ఎంతకాలం పడుతుంది? అమెరికా ప్రభుత్వం తన దౌత్య ఉద్యోగులకు స్పానిష్ నేర్పడానికి వేసుకున్న లెక్క 600 నుంచి 750 తరగతి గంటలు. రోజుకో గంట చొప్పున దాదాపు రెండేళ్లు. అంటే డిగ్రీ రెండో ఏడాదిలో మొదలుపెడితే, సర్టిఫికెట్ చేతికొచ్చే వేళకు భాష కూడా చేతిలో ఉంటుంది. '30 రోజుల్లో స్పానిష్, వీసాతో ఉద్యోగం గ్యారంటీ' అనేవాళ్లకు ఒక్క రూపాయి కూడా కట్టకండి.

ఉద్యోగం సంగతేంటి?

ఉన్నది ఉన్నట్టు చెప్పుకుందాం. పాటలు చెవిని తయారుచేస్తాయి, ఉద్యోగం ఇవ్వవు. ఉత్త అనువాదం పనిలో ఇప్పుడు ఏఐ గట్టి పోటీ. కాబట్టి భాష ఒక్కటే కాదు, మీ డిగ్రీతో దాన్ని కలపాలి.

ఫార్మసీ వాళ్లు: డాక్టర్ రెడ్డీస్ 2005లోనే మెక్సికోలోని క్వెర్నవాకాలో రోష్ కంపెనీ ప్లాంటును కొన్నది. ఆ దేశానికి మందులు పంపాలంటే అక్కడి నియంత్రణ సంస్థ కోఫెప్రిస్‌తో నడిచే పత్రాలు, మందు లేబుళ్లు స్పానిష్‌లో ఉండాలి. మందు గురించి, భాష గురించి రెండూ తెలిసినవాళ్లు తక్కువ.

బీకాం వాళ్లు: మెక్సికోలో ఎలక్ట్రానిక్ ఇన్‌వాయిస్ తప్పనిసరి. లాటిన్ అమెరికా దేశాల లెక్కలు చూసే బృందాల్లో స్పానిష్ బిల్లు చదవగలిగినవాళ్లకు విలువ ఉంటుంది.

ఇంజినీరింగ్ వాళ్లు: టీసీఎస్‌కు గ్వాదలహారాలో, ఇన్ఫోసిస్‌కు మాంటెర్రేలో కేంద్రాలున్నాయి. అక్కడి బృందాలతో కలిసి పనిచేసేటప్పుడు రెండు మాటలు వాళ్ల భాషలో వస్తే మీటింగ్ తీరే మారుతుంది. సాఫ్ట్‌వేర్‌ను స్పానిష్‌లో పరీక్షించడం, కస్టమర్ సపోర్ట్ లాంటివి హైదరాబాద్‌లోనే దొరికే పనులు. పదకొండున్నర గంటల తేడా కాబట్టి చాలావాటికి రాత్రి షిఫ్టులుంటాయి. ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

ఎక్కడ నేర్చుకోవాలి?

హైదరాబాద్‌లోని ఇఫ్లూ యూనివర్సిటీలో స్పానిష్‌లో బీఏ, ఎంఏ ఉన్నాయి. ఇంటర్ అయినవాళ్లు ప్రవేశ నోటిఫికేషన్ గమనిస్తుండాలి. ఢిల్లీ జేఎన్‌యూలోనూ బీఏ ఉంది. ఊళ్లోనే ఉండి నేర్చుకోవాలంటే ఢిల్లీలోని ఇన్‌స్టిట్యూతో సెర్వాంతెస్ ఆన్‌లైన్ తరగతులున్నాయి. ఇది స్పెయిన్ ప్రభుత్వ సంస్థ.

పరీక్షలు ముఖ్యంగా రెండు. 'దేలే'లో ఎ1 నుంచి సి2 దాకా ఆరు స్థాయిలు. పాసైతే సర్టిఫికెట్‌కు గడువు లేదు. 'సియెలె' కంప్యూటర్ మీద రాసేది, ఫలితం ఐదేళ్లు చెల్లుతుంది. దీన్ని నడిపే సంస్థల్లో మెక్సికోలోని ఉనాం యూనివర్సిటీ కూడా ఒకటి. ఉద్యోగానికి బి2 లక్ష్యంగా పెట్టుకోండి. ఫీజు కట్టేముందు పాత ప్రశ్నపత్రంతో మీ స్థాయి చూసుకోవడం మరవద్దు.

ఈ రాత్రికి చేయాల్సింది మాత్రం చిన్న పని. కెవిన్ కార్ల్ పాట ఒకటి తీయండి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, వినిపించిన మొదటి పది పదాల్ని తెలుగులో రాసుకోండి. ఎన్ని సరిపోయాయో చూడండి. మూడు సరిపోయినా ఫర్వాలేదు. వచ్చే వారం అవే ఆరవుతాయి.