హెచ్.టి.ఎం.ఎల్. పుటల నుండి పాఠ గ్రహణం: రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల ఉపయోగం, పరిమితి

ప్రాచీన కావ్యాలకు పదసూచికలు కూర్చే పరిశోధకులకు నేడు అంతర్జాలంలోని హెచ్.టి.ఎం.ఎల్. పుటలు కూడ ఆధారాలవుతున్నాయి. ఆ పుటలలో పద్యంతోపాటు దాని విభాగాలను, ప్రదర్శన విధానాన్ని తెలిపే ట్యాగులు కలసి ఉంటాయి. వాటిని తొలగించి శుద్ధపాఠాన్ని గ్రహించడానికి ప్రోగ్రాములలో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లను వాడడం పరిపాటి. ఈ సాధనం ఎంతవరకు విశ్వసనీయమో పరిశీలించడం ఈ వ్యాసలక్ష్యం.

రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అనగా అక్షరక్రమ లక్షణాన్ని తెలిపే సంక్షిప్త సూత్రం. దీని సిద్ధాంతాన్ని స్టీఫెన్ క్లేనీ 1956లో ప్రకటించగా, 1968లో కెన్ థాంప్సన్ దానిని పాఠాన్వేషణకు అన్వయించారు.

ఉదాహరణకు <.*> అనే సూత్రంలో చుక్క ఏ అక్షరానికైనా సంకేతం. నక్షత్రం ఆవృత్తిని తెలుపుతుంది. ఇది సాధ్యమైనంత దీర్ఘభాగాన్ని గ్రహిస్తుంది కనుక, ఒక పంక్తిలోని తొలి ట్యాగు మొదలు చివరి ట్యాగు వరకు, నడుమనున్న పద్యపాదంతో సహా తొలగిపోతుంది. ఇది అతివ్యాప్తి దోషం. <[^>]*> అనే సూత్రంలో ^ నిషేధార్థకం. ముగింపు గుర్తు కాని అక్షరాలనే గ్రహించడం వలన ఆ దోషం చాలవరకు నివారితమవుతుంది.

అయినప్పటికీ రెండు ప్రమాదాలు మిగులుతాయి. పాదవిరామాన్ని తెలిపే ట్యాగును తొలగించి ఆ స్థానంలో ఏమీ ఉంచకపోతే, పాదాంతపదం తరువాతి పాదాదిపదంతో అతుక్కుంటుంది. కావ్యంలో లేని పదం సూచికలో చేరుతుంది. పాదాది తెలియక యతిప్రాసల పరీక్ష అసాధ్యమవుతుంది. ఇక్కడ చేయవలసినది లోపం కాదు, పంక్తివిరామం ఆదేశం.

రెండవది మరింత తీవ్రమైనది. పద్యవిభాగం నడుమ ప్రతిపదార్థం అదే పేరుగల మరొక విభాగంగా ఉన్నదనుకొందాం. తొలి ముగింపు ట్యాగు వద్ద ఆగే సూత్రం లోపలి విభాగం ముగియగానే నిలిచిపోతుంది. మిగిలిన పాదాలు లుప్తమవుతాయి. ఎంత లోతుకైనా సాగగల గర్భితనిర్మాణంలో ఆద్యంతాలను జతపరచడం క్లేనీ నిర్వచించిన రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల శక్తికి మించినది. ప్రోగ్రాము ఏ హెచ్చరికా చేయదు కనుక, పరిశోధకుడు దానిని మూలంలోని గ్రంథపాతంగా భ్రమించే అవకాశమున్నది.

కావున మొదట పార్సర్ ద్వారా పుటను శాఖోపశాఖలు గల వృక్షంగా విశ్లేషించి, పద్యభాగాన్ని ఎన్నుకోవాలి. ‘త’కారానికి 3108 వంటి సంఖ్యాసంకేతాలను కూడ పార్సరే అక్షరాలుగా మారుస్తుంది. పిమ్మట పద్యసంఖ్యలు, పాఠాంతర చిహ్నాలు వంటి ఏకరూపాంశాలను గుర్తించడానికి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లను వినియోగించాలి. చివరగా పద్యాల, పాదాల సంఖ్యలను మూలపుటతో సరిచూడాలి. లేఖక ప్రమాదాలను పరిష్కరించే పాఠపరిష్కర్తలు ఈ యంత్రప్రమాదాలను కూడ పరిగణించడం ఆవశ్యకం.