చుక్కలు చూసి కట్టిన గోడలు

చదునైన నేల మీద ఒక గుంజ నిలువుగా పాతండి. దాని చుట్టూ వలయం గీయండి. పొద్దున గుంజ నీడ కొస వలయాన్ని తాకిన చోట ఒక గుర్తు, సాయంత్రం తాకిన చోట ఇంకో గుర్తు. రెంటినీ కలిపితే తూర్పు పడమరలు తేలిపోతాయి. రాత్రి ధ్రువం వైపు చూసి సరిచూసుకుంటే ఉత్తరం ఖాయం. ప్రాచీన చైనాలో రాజధాని కట్టే పనివాళ్లకు 'కావ్‌గోంగ్ జీ' గ్రంథం చెప్పిన పద్ధతి ఇది. మన శుల్బసూత్రాల శంకువు కూడా దాదాపు ఇలాగే పనిచేస్తుంది.

ఉత్తరం మీద అంత పట్టుదల దేనికి? చుక్కలన్నీ తిరుగుతుంటే ఆకాశంలో కదలని చోటు అదొక్కటే. దాని చుట్టూ ఉన్న అస్తమించని తారలను చైనావాళ్లు దేవలోకపు రాజుగారి కోట అనుకున్నారు. భూమ్మీద ఆ స్థానం చక్రవర్తిది. ఆయన ఉత్తరానికి వీపు పెట్టి దక్షిణం చూస్తూ కొలువుంటాడు. అందుకే ఆ గ్రంథంలో 'ఎడమ' అంటే తూర్పు, అక్కడ పూర్వీకుల గుడి. కుడిపక్క, అంటే పడమట, భూదేవత వేదిక. ముందు కొలువు, వెనక అంగడి. నగరం నలుచదరం, ఒక్కో పక్క మూడేసి ద్వారాలు. 1420లో పూర్తయిన బీజింగ్ నిషిద్ధ నగరం ముందు ఆ గుడీ వేదికా ఇప్పటికీ చెప్పిన వైపులనే ఉన్నాయి. నక్షత్రాల కోట పేరులోని ఊదా రంగు ఈ నగరం చైనా పేరులోనూ ఉంది.

రాతలో అంతా బాగుంది. నేల ఒప్పుకోవాలిగా!

హాన్ వంశీయుల చాంగాన్ చూడండి. క్రీ.పూ. 194, 190 మధ్య లేచిన గోడ, చుట్టుకొలత దాదాపు 25 కిలోమీటర్లు. ఉత్తరపు గోడ మెలికలు తిరిగి ఉంటుంది, దక్షిణపుదీ తిన్నగా లేదు. ఉత్తరపు గోడ సప్తర్షుల ఆకారమనీ, దక్షిణపుది ధనూరాశిలోని గరిటె ఆకారమనీ తర్వాతివాళ్లు రాశారు. నాకైతే అనుమానమే. రాజప్రాసాదాలు ముందే లేచాయి, గోడ వాటిని చుట్టుకుంటూ పోయింది. ఉత్తరాన వెయ్ నది అడ్డం. ఏటి వంపుకే చుక్కల పేరు పెట్టారేమో.

నేల తీరుకు అర్థం అంటగట్టే ఈ పనే 582లో నగర రూపశిల్పి యూవెన్ కై ముందుగా, తెలిసి చేశాడు. సుయ్ చక్రవర్తి కోసం అతను గళ్లు గళ్లుగా గీసిన నగరం 84 చదరపు కిలోమీటర్లు. ఆ స్థలంలో తూర్పు పడమరలుగా ఆరు మట్టి దిబ్బలున్నాయి. ఇంకొకరైతే చదును చేయించేవారు. అతను వాటిని జోస్య గ్రంథం 'యీ చింగ్' మొదటి చిహ్నంలోని ఆరు గీతలుగా చదివాడు. రెండో దిబ్బ ప్రాసాదానికి, మూడోది కచేరీలకు. ఐదో గీత సాక్షాత్తు చక్రవర్తిది, మామూలు జనం ఉండకూడదు. అందుకని దాని మీద ఒకవైపు తావో ఆలయం, ఇంకోవైపు బౌద్ధ విహారం పెట్టించాడు. అంగళ్లు మాత్రం 'కావ్‌గోంగ్ జీ'కి విరుద్ధంగా ప్రాసాదానికి దక్షిణాన వచ్చాయి.

ప్రాసాదం దిబ్బ మీద ఉందన్నది పేరుకే. చుట్టూ పల్లం, చెమ్మ. కీళ్లనొప్పులతో వేగలేక సుయ్‌ల తర్వాతి థాంగ్ వంశపు చక్రవర్తి గావ్‌జోంగ్ 663లో ఈశాన్యపు మెరక మీది కొత్త ప్రాసాదానికి మకాం మార్చేశాడు.