గ్యాస్ ఇంజక్షన్ వేయించుకునే ముందు

తిమోతికి కడుపు జబ్బు ఉండేదని, ఆ విషయమై పౌలు తన ఉత్తరంలో సలహా కూడా రాశాడని మనకు తెలుసు. మన సంఘాల్లోనూ ఈ బాధ లేని ఇల్లు అరుదు. ఉపవాస కూడికలయ్యాకో, పెండ్లి విందు తిన్నాకో ఎవరో ఒకరు గుండెల్లో మంట అంటారు. వెంటనే పక్కవారు, "ఓ గ్యాస్ ఇంజక్షన్ వేయించుకో, తగ్గిపోతుంది" అంటారు. నర్సుగా ఎన్నో ఏళ్ళు ఆ ఇంజక్షన్ ఇచ్చినదాన్ని గనుక నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

నిజానికి అది గ్యాస్‌ను తీసేయదు. కడుపులో ఊరే ఆమ్లాన్ని తగ్గిస్తుంది, అంతే. ఇప్పుడు ఎక్కువగా వాడేది పాంటోప్రజోల్. అంతకుముందు రానిటిడిన్ రాజ్యమేలింది. క్యాన్సర్ కలిగించవచ్చుననే మలినం అందులో కనబడినందున, 2020లో అమెరికా ప్రభుత్వం దానిని అంగళ్ళ నుండి తీసివేయమన్నది. మన దేశపు అత్యవసర మందుల జాబితా నుండి 2022లో తొలగించారు.

ఇంజక్షన్ అంటే బలమైనదని, మాత్ర అంటే బలహీనమని మనవారి నమ్మకం. పాంటోప్రజోల్ మాత్ర 40 మిల్లీగ్రాములు, ఇంజక్షనూ 40 మిల్లీగ్రాములే. మింగగలిగిన వారికి ఉదయం తిండికి అరగంట ముందు వేసుకునే మాత్ర చాలు. వాంతులు ఆగనివారికి, మింగలేనివారికి, నెత్తురు కక్కేవారికి ఇంజక్షన్ కావాలి. తారులా నల్లటి విరేచనం అయితే లోపల నెత్తురు కారుతుండవచ్చు. ఇంటి వైద్యం చేయకుండా పెద్దాసుపత్రికి వెళ్ళాలి. పుండు నుండి నెత్తురు బాగా కారుతుంటే ఎండోస్కోపీ చేసి ఆపిన తరువాత, మొదట 80 మిల్లీగ్రాములు ఇచ్చి, ఆపై గంటకు 8 చొప్పున మూడు రోజులు ఎక్కించే పద్ధతి ఉంది.

ఈ మందు పొడిగా చిన్న సీసాలో వస్తుంది. 10 మిల్లీలీటర్ల సెలైన్‌తో కలిపి, నరానికి కనీసం రెండు నిమిషాలపాటు నెమ్మదిగా ఎక్కించాలి. లేదా 100 మిల్లీలీటర్లకు పలుచన చేసి పావుగంట పెట్టాలి. కండకు పొడవకూడదు. రానిటిడిన్ సంగతి వేరు. 50 మిల్లీగ్రాముల మందును కండకు అలాగే ఇవ్వవచ్చు గాని, నరానికైతే 20 మిల్లీలీటర్లకు పలుచన చేసి ఐదు నిమిషాలకు తక్కువ కాకుండా ఇవ్వాలి. గబగబా తోస్తే గుండె కొట్టుకోవడం మందగిస్తుంది. "త్వరగా కానీయండి సిస్టరుగారూ, బస్సు వెళ్ళిపోతుంది" అని ఎంతమంది తొందరపెట్టేవారో! బస్సు పోతే ఇంకొకటి వస్తుందని చెప్పేదాన్ని. కిడ్నీ జబ్బు ఉన్నవారు ఆ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే రానిటిడిన్, ఫామోటిడిన్ వారికి తగ్గించి ఇవ్వాలి.

ఇక అన్నిటికంటే నన్ను బాధపెట్టే విషయం. మా సంఘంలో ఒక సహోదరుడుండేవాడు, షుగరు వ్యాధి ఉన్నవాడు. ఒక రాత్రి భోజనమయ్యాక రొమ్ములో బరువు, ఒళ్ళంతా చెమట. గ్యాసే అనుకుని దగ్గర్లో ఇంజక్షన్ చేయించారు. కొంత నయమనిపించి ఇంటికొచ్చి పడుకున్నాడు. తెల్లవారేసరికి మనకు లేడు. ఆ అక్క ఈనాటికీ, "నయమైందన్నాడమ్మా, అందుకే నిద్రపోనిచ్చాను" అంటుంది. ఆమె తప్పేమీ లేదు. ఆ రాత్రి ఒక్క ఇసిజి తీయలేదు, అదే లోపం. ఇంజక్షన్‌తో నొప్పి తగ్గినంత మాత్రాన అది గుండెది కాదని ఏ వైద్యుడూ తేల్చి చెప్పలేడు.

నలభై దాటినవారు, షుగరు, బి.పి. ఉన్నవారు, పొగ తాగేవారు ఇలాంటి బరువు, చెమట, ఆయాసం, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి వస్తే మొదట ఇసిజి అడగండి. స్త్రీలకు, షుగరు ఉన్నవారికి నొప్పి లేకుండా వట్టి ఆయాసంతోనే రావచ్చు. మన రెండు రాష్ట్రాల్లోనూ 108కి ఫోన్ చేస్తే అంబులెన్స్ వస్తుంది. పాస్టరుగారిని ప్రార్థనకు పిలవండి, వద్దనను. ముందు 108కి చేసి, తరువాత ఆయనకు చేయండి.

ఆసుపత్రి నుండి వచ్చేటప్పుడు ఏ ఇంజక్షన్, ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని గంటలకు ఇచ్చారో చీటీ మీద రాయించుకుని రండి. రాత్రి మళ్ళీ నొప్పి వస్తే, చూసే డాక్టరు మొదట అడిగేది అదే.