గాల్ట్, ప్రెస్టన్, హెస్పెలర్: మన కేంబ్రిడ్జ్ కథ

ఒకప్పుడు మేము ఇంటికి ఉత్తరాలు రాస్తే, కవరు మీద కేంబ్రిడ్జ్ అన్న మాట చూసి, మావాళ్ళు పేరుమోసిన విశ్వవిద్యాలయంలో ఉన్నారని ఊరంతా చెప్పుకునేవారు. ఆ ఇంగ్లండు కేంబ్రిడ్జికీ, 401 రహదారి పక్కన మనం కాపురముంటున్న ఈ ఒంటారియో కేంబ్రిడ్జికీ చుట్టరికం పేరు వరకే. ఈ పేరుతో ఈ నగరం ఏర్పడినది కూడా 1973 జనవరి 1న. అంతకు ముందు ఇక్కడ గాల్ట్, ప్రెస్టన్, హెస్పెలర్ అని మూడు ఊళ్ళు, బ్లెయిర్ అని ఒక పల్లె ఉండేవి. ఇరుగుపొరుగు పెద్దవాళ్ళను మీదే ఊరని అడిగి చూడండి, గాల్ట్ అనో హెస్పెలర్ అనో చెబుతారు. మన పిల్లలు పుట్టి పెరిగిన ఊరు గదా, దాని పుట్టుపూర్వోత్తరాలు కొంతైనా తెలుసుకుందామని ఈ ప్రయత్నం.

ఈ ఊళ్ళకు తల్లి గ్రాండ్ నది. ఉత్తరాన పుట్టి, మూడు వందల కిలోమీటర్లకు కొంచెం తక్కువ దూరం ప్రవహించి ఈరీ సరస్సులో కలుస్తుంది. హెస్పెలర్ మీదుగా వచ్చే స్పీడ్ నది ప్రెస్టన్ దగ్గర దీనిలో సంగమిస్తుంది. మంచుయుగంలో హిమానీనదాలు వదిలిపోయిన గులకమట్టి, మిట్టలు చుట్టూ కనిపిస్తాయి. మన గోదావరి డెల్టాలాగా బల్లపరుపు నేల కాదు. పొలం దున్నితే రాళ్ళు పైకొస్తాయి.

ఈ భూమి ఎవరిదన్న ప్రశ్న ఉంది. 1784లో బ్రిటిషు గవర్నరు హాల్డిమాండ్, అమెరికా యుద్ధంలో తమ పక్షాన నిలిచిన సిక్స్ నేషన్స్ ఆదివాసులకు గ్రాండ్ నదికి ఇరువైపులా ఆరేసి మైళ్ళ భూమి ఇస్తున్నట్లు ప్రకటించాడు. అది సుమారు 9,50,000 ఎకరాలు. ఇప్పుడు బ్రాంట్‌ఫర్డ్ దగ్గర వారికి మిగిలినది 46,000 ఎకరాల పైచిలుకు. మిగతాది అమ్మకాలలో, కౌళ్ళలో, ఆక్రమణలలో ఎట్లా పోయిందో, ఆ సొమ్ము ఏమైందో లెక్క చెప్పమని 1995లో వారు కోర్టుకెక్కారు. మనం ఇల్లు కొన్నప్పుడు వకీలు దస్తావేజులన్నీ తిరగవేసి చూస్తాడు గాని, ఈ సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

1800 ప్రాంతంలో పెన్సిల్వేనియా నుండి మెన్నొనైట్ రైతు కుటుంబాలు గుర్రపు బండ్లలో తరలివచ్చాయి. వారిలో జాన్ ఎర్బ్ స్పీడ్ నది ఒడ్డున మొదట కోతమిల్లు, తరువాత పిండిమర పెట్టాడు. అదే ప్రెస్టన్‌కు నాంది. 1816లో విలియం డిక్సన్ అనే స్కాట్లండు వకీలు దిగువన తొంభై వేల ఎకరాలకు పైగా కొని, ఆబ్సలం షేడ్ అనే వడ్రంగిని మేనేజరుగా పెట్టుకున్నాడు. మొదట షేడ్స్ మిల్స్ అనిపించుకున్న ఆ ఊరికి డిక్సన్ తన స్నేహితుడు, నవలాకారుడు జాన్ గాల్ట్ పేరు పెట్టాడు. స్కాట్లండువారు కట్టిన రాతి చర్చిలు, రాతి ఇళ్ళు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. మూడవ ఊరు న్యూ హోప్. అక్కడ మిల్లులు పెట్టిన జేకబ్ హెస్పెలర్ పేరే తరువాత ఊరికి వచ్చింది. నీరు ఎక్కడ పల్లానికి దూకితే అక్కడ మిల్లు, మిల్లు ఉన్నచోట ఊరు. రైతు గోధుమలు తెచ్చి పిండి పట్టించుకునే చోటు కాలక్రమేణా ఉన్ని బట్టలు, యంత్రాలు తయారయ్యే చోటయింది.

మూడు ఊళ్ళనూ కలిపినది ఒంటారియో ప్రభుత్వం. కలిసిన నగరానికి కేంబ్రిడ్జ్ అన్న పేరు ప్రెస్టన్‌కు ఒకప్పుడు ఉన్న కేంబ్రిడ్జ్ మిల్స్ అన్న పాత పేరులోనిది. చాలామందికి ఈ కలయిక రుచించలేదు. మన వైపు 2021లో మంగళగిరి, తాడేపల్లిలను ఒకే కార్పొరేషన్ చేసినప్పుడు రెండు పేర్లూ ఉంచారు. ఇక్కడ ఆ పాటి మర్యాద కూడా దక్కలేదని మా అభిప్రాయం.

కలిసిన ఏడాదిన్నరలోపే నది తన ప్రతాపం చూపింది. 1974 మే 17న, అప్పటికే నానిన నేల మీద భారీ వర్షం కురిసి, గ్రాండ్ గట్లు దాటి గాల్ట్ బజారులోకి వచ్చింది. దుకాణాలు మునిగాయి. ఎగువన ఫెర్గస్ దగ్గర 1942లో కట్టిన షాండ్ ఆనకట్ట ఉంది గదా అంటారేమో. చిక్కంతా అక్కడే ఉంది. వేసవిలో నది ఎండిపోకుండా ఉండాలంటే వసంతంలో కరిగిన మంచునీటితో జలాశయాన్ని నింపుకోవాలి. వరదను ఆపాలంటే ఖాళీ ఉంచుకోవాలి. మే నెలలో అది నిండుగా ఉంది. 1986 ఆగస్టు గోదావరి వరద చూసినవారికి, నిండిన నది ముందు మనిషి లెక్కలు ఎంతవరకు పనిచేస్తాయో వివరించనవసరం లేదు. ఆ తరువాతనే గాల్ట్‌లో నది వెంబడి వరద గోడలు లేచాయి.

మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. 1988లో టొయోటా కార్ల కర్మాగారం వచ్చి ఎందరికో బతుకుతెరువు చూపింది. మనవారు కొందరు ఈ ప్రాంతానికి చేరినది ఇటువంటి ఉద్యోగాల మూలంగానే. గాల్ట్‌లో నది ఒడ్డునున్న పాత పట్టుమిల్లులో 2004 నుండి వాటర్లూ విశ్వవిద్యాలయం వాస్తుశిల్ప కళాశాల నడుస్తోంది. కాబట్టి బంధువులు కేంబ్రిడ్జిలో విశ్వవిద్యాలయం ఉందని మురిసిపోతే మరీ అబద్ధమేమీ కాదు!

మంచు కరిగాక ఒక ఆదివారం పిల్లలను తీసుకుని ప్రెస్టన్‌లో రివర్‌సైడ్ పార్కు నుండి స్పీడ్ ఒడ్డునే నడిస్తే రెండు నదుల సంగమం చూడవచ్చు. పులిహోర పొట్లాలు కట్టుకోండి. వానపడితే బాట బురదగా ఉంటుంది, పాత బూట్లు వేసుకురండి.