ఉబ్బసము గల పిల్లల సుఖమును కొలుచుట

జ్వరమును కొలుచుటకు థర్మామీటరు కలదు. బరువునకు త్రాసు కలదు. ఉబ్బసముతో బాధపడు బిడ్డ ఊపిరి వేగమును కొలుచుటకు వైద్యుని యొద్ద ఒక చిన్న గొట్టము ఉండును. బిడ్డ నిండుగా గాలి పీల్చి అందులోనికి ఒక్క పెట్టున ఊదగా సూచిక ఒక అంకె యొద్ద నిలుచును. అయితే ఆ యంకె బాగుగ నున్నను రాత్రులు దగ్గుతో లేచి కూర్చుండు పిల్లలు కలరు. అంకె తగ్గియు ఆటపాటలకు కొరత యెరుగని పిల్లలును కలరు. ఈ అంకెకును బిడ్డ దినదిన జీవితమునకును గల సంబంధము మన మూహించునంత గట్టిది కాదని పరిశోధకులు పలుమారులు కనుగొనిరి.

1948లో అమలునకు వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధనావళి, ఆరోగ్యమనగా రోగము లేకుండుట మాత్రమే కాదనియు, శరీరమునకు, మనస్సునకు, సంఘజీవనమునకు చెందిన క్షేమమనియు నిర్వచించెను. ఈ క్షేమమునే నేడు ‘జీవన నాణ్యత’ యనుచున్నారు. పేరిడుట సులభమే. కొలుచుట యెట్లు?

కెనడా దేశమందలి మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయమున ఎలిజబెత్ జూనిపర్, ఆమె సహచరులు 1996లో ప్రకటించిన ప్రశ్నావళి ఇందుకు మంచి యుదాహరణము. అది 7 మొదలు 17 ఏండ్ల వరకు గల ఉబ్బసపు పిల్లల కొరకు ఏర్పడినది. అందు 23 ప్రశ్నలు: వ్యాధి లక్షణములను గూర్చి 10, పనులలో ఆటంకమును గూర్చి 5, మనస్సును గూర్చి 8. గడచిన వారమున తన కెట్లుండెనో తలచుకొని బిడ్డ ప్రతి ప్రశ్నకు 1 మొదలు 7 లోపల ఒక అంకెను ఎన్నుకొనును. 7 అనిన బాధ యేమియు లేదు. అన్నిటి సగటు తీయుదురు. ఆ సగటు అర అంకె మారినను బిడ్డ గుర్తింపగల మార్పుగా ఎంచుదురు.

ఇందు నాకు మిక్కిలి నచ్చిన దొకటి కలదు. ఉబ్బసము వలన తనకు కష్టమైన మూడు పనులను బిడ్డయే పేర్కొనును. ఒకనికి పరుగుపందెము, ఒకతెకు మెట్లెక్కుట, మరొకరికి పకపక నవ్వుట! మనము కూర్చుండి ఊహించిన యెడల నవ్వు మనకు తోచియుండునా?

బిడ్డకు బదులుగా తల్లిదండ్రుల నడిగిన చాలదా యని కొందరందురు. మిక్కిలి పసివారి విషయమున అది తప్పదు. జేమ్స్ వార్నీ రూపొందించిన వేరొక ప్రశ్నావళిలో 5 మొదలు 7 ఏండ్ల వారికి నవ్వు మొగము, మామూలు మొగము, చిన్నబోయిన మొగము చూపి ఒకదానిని వ్రేలితో తాకుమందురు. తల్లిదండ్రులకు వేరుగా మరొక పత్రము నిత్తురు. రెండు పత్రములును ఏకీభవింపవు. కంటికి కనబడు వానిలో, అనగా నడక, పరుగు, ఆయాసములలో, కొంత పొత్తు కుదురును. మనసులోని సంగతులలో అంతగా కుదురదు. బిడ్డ ఎన్ని దినములు బడి మానెనో తండ్రి లెక్కించును. చెడుగుడు జట్టులోనికి తన్నెవ్వరును పిలువలేదని బిడ్డ కుమిలిపోవును.

హోసూరు ప్రాంతమందలి మన యిండ్లలో ఈ చిక్కు ఇమ్మడి యగును. వైద్యుడు తమిళమున ప్రశ్నించును. బిడ్డ నోరు విప్పకమునుపే తండ్రి “బాగానే యున్నాడండి” యని ముగించును. ఇట్టి ప్రశ్నావళిని వేరొక భాషలోనికి తెచ్చునపుడు ఒకరు అనువదింతురు, మరొకరు దానిని తిరిగి మూలభాషలోనికి మార్చుదురు, రెంటిని సరిచూచి పిదప కొందరు పిల్లల చేత చదివించి వారికేమి బోధపడినదో అడుగుదురు. ‘శ్వాసలో ధ్వని’ యనిన తెలియని బిడ్డకు ‘పిల్లికూతలు’ అనగానే తెలియును గదా.

కావున ఉబ్బసమున్న విద్యార్థులు వైద్యుని చూడబోవుటకు ముందు వారము రోజులు, ఏ రాత్రి మేల్కొంటిరో, ఏ ఆట మానితిరో, దేనికి కోపము వచ్చెనో తెలుగుననే ఒక కాగితముపై వ్రాసికొనుడు. తల్లిదండ్రులు దానిని వైద్యునికి ఉన్నది ఉన్నట్లు తమిళమున చెప్పవలెను. ఆ కాగితమును మాత్రము ఎవ్వరును దిద్దరాదు. తెలుగు పంతులుగా చెప్పుచున్నాను, అక్షరదోషములను గూడ అట్లే యుండనిండు.