తప్పు వేళ్ళది కాదు!

గద్వాల చీర కొనేటప్పుడు మనల్ని మోసం చేయడం అంత తేలికా? నూలు చీరకు పట్టు అంచు కలిసిన చోట తిరగేసి చూస్తాం. అంచును వేళ్ళ మధ్య పెట్టి నలుపుతాం. కొట్టతను ఎంత పొగిడినా మన చెయ్యి ఒప్పుకోనిదే డబ్బు తియ్యం. అలాంటి నేను గిటార్ దగ్గర బోల్తా పడ్డాను.

మాది ఇటిక్యాల. పిల్లలు చదువులకని హాస్టళ్ళకు వెళ్ళాక మధ్యాహ్నాలు ఖాళీ అయ్యాయి. కథలు రాసుకోగా మిగిలిన పొద్దులో, కాలేజీ రోజుల్లో తీరని గిటార్ సరదా మళ్ళీ తలెత్తింది.

"ఈ వయసుల గిటారేంది?" అన్నారు మావారు.

"దాని చీటీ పైసలు, దాని ఇష్టం. నీకేంరా?" అంది అత్తమ్మ.

ఫోన్‌లో ఓ ప్రకటన చూశాను. మేలురకం కలపట. కచేరీలో వినిపించే నాదమట. నెలరోజుల్లో పాట వాయించేయొచ్చట. సంచీ, బెల్టు, పిక్‌లు, పుస్తకం అన్నీ ఉచితం. పైగా గులాబీ రంగు, 'ఆడవాళ్ళకు ప్రత్యేకం'! చీటీ డబ్బులోంచి ఐదువేలు పెట్టి తెప్పించాను.

వారం తిరిగేసరికి ఎడమచేతి వేళ్ళు బొబ్బలెక్కాయి. ఎంత నొక్కినా తీగ టక్కుమంటుందే తప్ప మోగదు. అంట్లు తోముతుంటే సబ్బు తగిలి ఒకటే మంట. ప్రకటనలో అమ్మాయి నవ్వుతూ వాయించేసింది కదా, లోపం నాదే, వయసైపోయింది అనుకున్నాను. ఇంట్లో ఎవరూ అనని మాట నాకు నేనే అనుకుని, గిటార్‌ను బీరువా చాటున పెట్టేశాను.

రెండు నెలల తర్వాత కర్నూలులో చుట్టాలింటికి వెళ్తూ, అక్కడెవరికైనా ఇచ్చేద్దామని వెంట తీసుకెళ్ళాను. వాళ్ళ పక్కింటి కుర్రాడు చర్చిలో గిటార్ వాయిస్తాడు. చేతిలోకి తీసుకుని ఒకసారి మీటి, "అక్కా, నీ వేళ్ళల్లో తప్పేం లేదు. తీగలే శానా ఎత్తున్నాయి" అన్నాడు.

మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలను ఫ్రెట్లు అంటారు. పన్నెండో ఫ్రెట్‌కూ, పైనున్న లావు తీగకూ మధ్య రెండున్నర, మూడు మిల్లీమీటర్ల సందు ఉంటే చాలు. అంటే సుమారుగా రెండు రూపాయి బిళ్ళల మందం. నా గిటార్‌లో మూడు బిళ్ళలు పట్టాయి! అతను తీగలు వదులు చేసి, కింద బ్రిడ్జిలో తీగల్ని మోసే తెల్లటి పట్టీని బయటికి లాగాడు. దాని అడుగును గరుకు కాగితం మీద కొంచెం కొంచెంగా అరగదీశాడు. అరగంట పని. మళ్ళీ బిగించి ఇచ్చాక వేలు ఆన్చితే చాలు, తీగ పలికింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అప్పటినుంచి ప్రకటన మాటల్ని చేత్తో తడిమి చూస్తున్నాను. 'సాలిడ్ టాప్' అని ఓ మంత్రముంది. ముందు పలక ఒకే చెక్కతో ఉంటే నాదం బాగుంటుంది, నిజమే. కాని పొడిగాలికి అది పగిలే భయం ఎక్కువ. మా పాలమూరు ఎండలకు పొరలు అతికించిన చెక్కే మొండిగా నిలుస్తుంది. అందుకే నేను మార్చలేదు. తీగలు మాత్రం కాస్త సన్నరకం వేయించుకున్నాను. వాయించాక పాత నూలుచీర ముక్కతో తుడిస్తే చెమటకు తొందరగా తుప్పు పట్టవు. ఇంకో మాట, నైలాన్ తీగల కోసం చేసిన గిటార్‌కు ఉక్కు తీగలు వేయకండి. ఆ లాగుడుకు బ్రిడ్జి ఊడొచ్చు.

మాండొలిన్ శ్రీనివాస్‌ను తలుచుకోండి. 1969లో పాలకొల్లులో పుట్టిన ఆయన, 1978లో గుడివాడలో తొలి కచేరీ చేశారు. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండొలిన్ రాదు. ఆయన పాడితే శిష్యుడు వాయించేవాడు. మామూలు మాండొలిన్‌కు జంటలుగా ఎనిమిది తీగలుంటాయి. వాటి మీద గమకాలు కుదరవు, నాదం నిలవదు. అందుకే శ్రీనివాస్ విద్యుత్ మాండొలిన్ తీసుకుని, జంటలు వదిలి ఒంటి తీగలు వేసుకున్నారు. తర్వాత ఐదు తీగలతో వాయించారు. తన సంగీతానికి ఏం కావాలో చూసుకుని వాయిద్యాన్ని మార్చుకున్నారు. 2014లో కన్నుమూసేదాకా ఆయన మాండొలిన్ అంటే అదే.

మనం అంతటివాళ్ళం కాకపోవచ్చు. కాని వస్తువు కుదరకపోతే ముందు మనల్ని మనమే నిందించుకునే అలవాటుంది చూశారూ, మిక్సీ దగ్గరైనా కుట్టుమిషను దగ్గరైనా, అది మానుకోవాలి. కొనేముందు తెలిసినవాళ్ళతో వాయించి చూపించుకోండి. రెండు రూపాయి బిళ్ళలు మాత్రం వెంట తీసుకెళ్ళండి.

మొన్న సాయంత్రం గడప దగ్గర బియ్యం ఏరుతూ అత్తమ్మ, "ఆ ముక్క ఇంకోపారి కొట్టు" అంది. ప్రకటన చెప్పిన నెల కాదు, నాకు ఎనిమిది నెలలు పట్టింది. పట్టనీండి, తొందరేముంది?