రాగిరేకు మీది రాజముద్ర అసలుదేనా?

ప్రశ్న: మామిడితోటలో గుంటలు తీస్తుంటే పాత రాగిరేకులు బయటపడ్డాయనుకోండి. వాటి మీది ముద్ర నిజంగా ఆ రాజుదేనని ఎలా తేలుస్తారు? అయినా రాజశాసనాన్ని దొంగగా ఎవరైనా ఎందుకు రాస్తారు?

జవాబు: ఆగిరిపల్లి వాళ్లకు ఇది పరాయి ఊరి సంగతి కాదు. ఆగిరిపల్లి దగ్గరి ఈదేరులో దొరికిన తామ్రశాసనాన్ని శాసన పరిష్కర్త హుల్చ్ దొర 1890లో 'సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్' తొలి సంపుటంలో అచ్చువేశాడు. వేంగీ చాళుక్యుడైన మొదటి అమ్మరాజు, పట్టవర్ధిని వంశంవాడైన భండనాదిత్యుడికి గొంటూరు అనే ఊరిని ఇచ్చిన దానపత్రం అది. గుంటూరు పేరు కనిపించే తొలి ఆధారంగా దీన్నే చూపిస్తుంటారు.

ఎందుకు రాస్తారంటే, ఆ రోజుల్లో రాగిరేకే పట్టా. రేకు ఎవరి దగ్గరుంటే ఊరి శిస్తు వాళ్లది. అందుకే దొంగ శాసనాలు ఆనాడే పుట్టాయి. వాటిని కూటశాసనాలు అనేవారు. రాజాజ్ఞను కూటంగా రాసినవాడికి మరణదండన వేయమంటుంది మనుస్మృతి. 631 నాటి మధుబన్ రేకులో హర్షుడే ఒక ముచ్చట చెప్పాడు. వామరథ్యుడనే బ్రాహ్మణుడు కూటశాసనంతో సోమకుండక గ్రామాన్ని అనుభవిస్తుంటే, ఆ రేకును విరగ్గొట్టించి ఊరిని వేరేవాళ్లకు ఇచ్చాడు.

ఇక తేల్చడం. అందరి చూపూ ముందు ముద్ర మీదికే పోతుంది. నా మటుకు ముద్రను ఆఖరున చూడాలి. దొంగ తన నేర్పంతా పెట్టేది అక్కడే, లేదా ఇంకోచోటి నుంచి తెచ్చి తగిలించేదీ దాన్నే. రేకుల ఎడమ పక్కన రంధ్రం, అందులోంచి దూరిన కడియం, కడియం అతుకు మీద ముద్ర. కడియాన్ని కోస్తే ఏ ముద్రనైనా ఏ రేకులకైనా తగిలించవచ్చు. శాసన పరిష్కర్తలు 'నా చేతికి వచ్చేసరికి కడియం తెగి ఉందా, లేదా' అని ప్రత్యేకంగా రాసేది ఇందుకే.

ముద్రకన్నా ముందు చూడాల్సింది రాత. సముద్రగుప్తుడి పేర ఉన్న గయ రేకు సంగతి చూడండి. దానమిస్తున్నది సముద్రగుప్తుడే కాబట్టి అతని బిరుదులు ప్రథమా విభక్తిలో ఉండాలి. మొదట్లో కొన్ని షష్ఠిలో ఉన్నాయి. 'ఫలానా వాడి కొడుకు' అని చెప్పేటప్పుడు తండ్రి బిరుదులు ఉండే తీరు అది. అంటే రాసినవాడు కొడుకు శాసనాన్ని ముందు పెట్టుకుని దించాడని శాసన పరిష్కర్త ఫ్లీట్ పట్టేశాడు. ముద్ర మాత్రం అసలుదే అయివుండవచ్చన్నాడు!

మన రేకుల్లో లిపి ఇంకా గట్టి సాక్షి. 'ఏడు', 'చోడ' వంటి మాటల్లో ఇప్పుడు 'డ' ఉన్నచోట ఒకప్పుడు 'ఴ' అనే అక్షరం ఉండేది. నన్నయ కాలానికి అది వాడుకలోంచి జారిపోయింది. తరవాతి శతాబ్దాల్లో కూర్చుని పాత శాసనం అల్లేవాడికి అది ఏ మాటలో రావాలో తెలియదు. సంస్కృత శ్లోకాలు దించుకోగలడు గానీ, తెలుగు ఊరిపేర్లు, పొలిమేర గుర్తులు రాసేచోట దొరికిపోతాడు.

అలాగని ప్రతి తేడా మోసం కాదు. వేంగీ చాళుక్యుడు రెండో విజయాదిత్యుడు గంగ, రట్ట బలాలతో 12 ఏళ్లు 108 యుద్ధాలు చేసి, 108 శివాలయాలు కట్టించాడంటుంది ఈదేరు శాసనం. అతను ఏలిన ఏళ్లు మాత్రం ఒక శాసనంలో 40, ఇంకోదాంట్లో 44, మరోదాంట్లో 48. అవన్నీ అసలువే. నిజమైన లేఖకుడూ పొరబడతాడు. ఒక్క తప్పు చూసి దొంగదని కొట్టిపారేసేవాళ్లంటే నాకు భయం.

ఇవన్నీ నిలబడ్డాక ముద్ర. వేంగీ చాళుక్యుల తొలి రాజుల్లో కుబ్జ విష్ణువర్ధనుడి ముద్ర మీది బిరుదు 'విషమసిద్ధి', మొదటి జయసింహుడిది 'సర్వసిద్ధి'. ఈదేరు ముద్ర మీద వరాహం, అంకుశం, పద్మం, 'శ్రీత్రిభువనాంకుశ' అనే బిరుదు. ఏడో శతాబ్ది రాజు పేర ఉన్న రేకుకు ఈ తరవాతి ముద్ర వేలాడితే అనుమానించాల్సిందే.

జపాన్‌లో పాత కత్తులు పరీక్షించేవాళ్లదీ ఇదే వరస. కమ్మరి తన పేరును పిడి లోపల దాగే ఇనుప తోక మీద ఉలితో చెక్కుతాడు. పరీక్షకుడు ముందు కత్తి వంపు, ఉక్కు పొరలు, అంచు వెంబడి పదును పెట్టిన గీత చూసి ఏ కాలం, ఏ కమ్మరి అన్నది ఊహిస్తాడు. ఆ తరవాతే పేరు. పదిహేడో శతాబ్ది కమ్మరి కోటెత్సు పేరు చెక్కిన దొంగ కత్తులు అక్కడ కొల్లలు. తుప్పు నల్లగా ముదిరి ఉండి, అక్షరాల గాట్ల లోపల మాత్రం లేతగా ఉంటే, పేరు తరవాత చెక్కినదే. అందుకే అక్కడ తోక మీది తుప్పు తుడవరు.

మన రేకుల మీది చిలుమూ అలాంటి సాక్ష్యమే. చింతపండు పెట్టి తోమితే రేకు మెరుస్తుంది, ఆధారం పోతుంది. దొరికిన రేకును తోమకండి, కడియం కోయకండి, మట్టితో ఉండగానే ఫొటో తీయండి. 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. చదివి తేల్చే పని మైసూరులోని పురావస్తు సర్వే శాసన విభాగం వాళ్లు చేస్తారు.